సోయుజ్ నౌకలో ముగ్గురు అంత ఇరుకుగా ఎందుకు కూర్చోవాలి?

రష్యా వాళ్ల అంతరిక్ష నౌక సోయుజ్ పొడవు 7 మీటర్లు దాటుతుంది కదా, మరి అందులో వెళ్లే ముగ్గురికి చోటెందుకు లేదని ఒకరు అడిగారు. స్కూల్లో సైన్స్ ఫెయిర్ పెట్టినప్పుడు మా అబ్బాయికీ ఇదే డౌటొచ్చింది. మల్కాజిగిరిలో మా డాబా మీద సుద్దముక్కతో 2.2 మీటర్ల అడ్డకొలతతో వృత్తం గీశాం. భూమికి తిరిగొచ్చే క్యాప్సూల్ బయటి వెడల్పు దాదాపు అంతే, లోపల ఇంకా తక్కువ. నేను, వాడు, మా బావమరిది అందులో మోకాళ్లు పొట్ట మీదికి మడుచుకుని వెల్లకిలా పడుకున్నాం. పది నిమిషాలు కాకుండానే, "నడుం పట్టేసింది బావా, నేను దిగిపోతా" అన్నాడు బావమరిది.

సంగతేంటంటే, సోయుజ్‌లో మూడు భాగాలుంటాయి. ముందు గుండ్రటి గది, అందులోనే టాయిలెట్టూ సామాన్లూ. వెనక ఇంజన్, ఇంధనం, సోలార్ పలకలు. మధ్యలో మనుషులు. దిగేముందు మూడూ విడిపోతాయి, నేలకి చేరేది మధ్యది ఒక్కటే, మిగతా రెండూ గాలి రాపిడికి కాలిపోతాయి. తిరిగొచ్చే భాగం ఎంత పెద్దదైతే దాన్ని మంట నుంచి కాపాడే కవచం, పారాచూట్ అంత బరువెక్కుతాయి. అందుకే కిందికి అక్కర్లేనివన్నీ బయటి గదిలోకి నెట్టేశారు. బాత్రూమ్‌ని పైనే వదిలేసి రావడమన్నమాట! నా లెక్కలో ఈ డిజైన్‌లో తెలివంతా అదే.

ఆ ఇరుకు ప్రాణాలూ తీసింది. స్పేస్ సూట్లు వేసుకుంటే ముగ్గురు పట్టరని 1971లో సోయుజ్-11 వాళ్లని సూట్లు లేకుండానే పంపారు. తిరిగొచ్చేటప్పుడు భాగాలు విడిపోతుంటే ఒక వాల్వ్ తెరుచుకుని లోపలి గాలంతా పోయింది. ముగ్గురూ చనిపోయారు. ఆ తర్వాత సూట్లు తప్పనిసరి చేసి, చాలా ఏళ్లు ఇద్దరినే పంపారు. సోయుజ్-టి రకం వచ్చాక 1980లోగానీ మళ్లీ ముగ్గురు ఎక్కలేదు.

మన నిజాం కాలేజీలో చదివిన తొలి భారతీయ వ్యోమగామి రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సోయుజ్ టి-11లో వెళ్లి, టి-10లో దిగారు. ఆ టి-10 ఢిల్లీ నెహ్రూ ప్లానిటేరియంలో ఉంది. చూసినప్పుడు నాకు మొదట తట్టింది, మన షేర్ ఆటోనే నయమని.

ఇక సీట్లు. పారాచూట్ ఎంత ఆపినా, నేలకి మీటరు లోపు ఎత్తులో చిన్న రాకెట్లు పేలినా, దిగేటప్పుడు గట్టిగానే కుదుపు తగులుతుంది. అందుకని ఒక్కొక్కరి వీపుకీ అచ్చు తీసి సీటు లోపలి పరుపు చేస్తారు. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు.

బెల్టులు బిగించాక కమాండర్‌కి ఎదుటి బటన్లు అందవు. చేతిలో ఒక పుల్ల పట్టుకుని దాంతో నొక్కుతాడు. ఈ మాట చెప్పగానే మావాడు వంటింట్లోంచి పప్పుగుత్తి పట్టుకొచ్చి వృత్తంలో పడుకున్నాడు. వెనకే వాళ్ల నానమ్మ, "పప్పు మెదపాలిరా, ఇటివ్వు" అంటూ మెట్లెక్కి వచ్చింది.