నైట్ షెల్టర్ ముందు ఫుట్‌బాల్: స్థలం ఎంత, బూట్లు ఎవరి దగ్గర?

ప్రశ్న: మునిసిపాలిటీ నైట్ షెల్టర్‌లో వారానికి రెండు రోజులు సాయం చేస్తుంటాను. అక్కడివాళ్లతో ఫుట్‌బాల్ ఆడించాలని ఉంది, కానీ గ్రౌండ్ లేదు. కిందటేడు బూట్లు కొనిస్తే వారం తిరిగేసరికి ఒక్క జతా మిగల్లేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: గ్రౌండ్ అక్కర్లేదండీ. ఇళ్లు లేనివాళ్ల కోసం 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మొదలైన హోమ్‌లెస్ వరల్డ్ కప్‌లోనే కోర్టు 22 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. జట్టుకు ముగ్గురు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్. ఏడేసి నిమిషాలు రెండు భాగాలు. గోల్ వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 1.3 మీటర్లే. కొట్టినవాడి బలం కన్నా పాస్‌కే విలువెక్కువ కాబట్టి, ఒంట్లో సత్తువ తగ్గినవాళ్లూ ఆడగలరు. స్కూలు ఆవరణో, సిమెంటు చేసిన ఖాళీ జాగానో చాలు. గీతలు ముగ్గుపిండితో వేయండి. సున్నం వద్దు, పగిలిన కాళ్లకు మంట పుడుతుంది. సిమెంటు మీద మామూలు బంతి ఎగిరెగిరి పడుతుంది, తక్కువగా ఎగిరే ఫుట్‌సాల్ (ఇండోర్ ఫుట్‌బాల్) బంతి కొనండి.

ఇక బూట్లు. వాళ్లకు తాళం వేసుకునే పెట్టె లేదు. నిద్రపోతే తలకింద బూట్లూ పోతాయి, చేతిలో పైసా లేని రోజు తామే అమ్ముకుంటారు కూడా. దాన్ని దొంగతనంగా చూడకండి. 12 జతలు తీసుకుని మడమ మీద నంబరు రాసి షెల్టర్‌లోనే ఉంచండి. 7, 8 సైజులే ఎక్కువ కావాలి, 6, 9 రెండేసి జతలు చాలు. ఆటకు ముందు ఇచ్చి, అయ్యాక తీసుకోండి. ఎవరి సాక్సులు వాళ్లవే. బూట్లు తొడిగేటప్పుడు ఒక్కొక్కరి అరికాలు చూడండి. షుగర్ ఉన్నవాళ్లకు పుండు ఉన్నా నొప్పి తెలియకపోవచ్చు. పుండు కనిపిస్తే ఆరోజు ఆట లేదు, కట్టు కట్టించి స్కోరు రాసే పని అప్పగించండి.

అసలు మేలు చేసేది బంతి కాదు, వేళ. ఫలానా రోజు ఫలానా గంటకు తన పేరు పిలుస్తారని తెలిసిన మనిషి, అప్పటికి తాగకుండా ఉండడానికి ప్రయత్నిస్తాడు. తాగి వచ్చినా తిట్టి పంపేయకండి. ఆడనివ్వద్దు, పక్కన కూర్చోబెట్టి హాజరు వేయండి. ఉదయం పెడితే కూలి అడ్డాకు వెళ్లేవాళ్లు రాలేరు, రాత్రి ఏడు తర్వాతైతే వస్తారు. పెళ్లిళ్ల రోజుల్లో కేటరింగ్ పనుల వల్ల సగం మందే ఉంటారు. ఇద్దరొచ్చినా ఆట ఆపొద్దు. భోజనం ఆట తర్వాతే, ముందు మంచినీళ్లు, కాస్త మజ్జిగ.

కాలేజీ కుర్రాళ్లను జట్టుకు ఒక్కరికి మించి దింపకండి. గెలవాలన్న ఊపులో వాళ్లే బంతి పట్టుకుంటారు. అడగకుండా ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ఇల్లు విడిచి వచ్చినవాళ్లు ఆ భయంతోనే మళ్లీ కనిపించరు.

ప్రశ్న: మన వాళ్లు ఆ ప్రపంచ పోటీకి వెళ్లగలరా?
– మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: వెళ్లగలరు. నాగ్‌పూర్‌లో విజయ్ బర్సే మొదలుపెట్టిన స్లమ్ సాకర్ సంస్థ మన దేశ జట్టును పంపుతుంది. 16 ఏళ్లు నిండాలి. ఒకరికి ఒక్కసారే అవకాశం, కొత్తవాళ్లకు చోటివ్వడానికే ఆ నియమం. ఎక్కువమందికి అడ్డం పడేది ఆట కాదు, పాస్‌పోర్టు. అందుకే ఎంపికల దాకా ఆగకుండా షెల్టర్ నిర్వాహకులతో మాట్లాడి పాస్‌పోర్టుకు రుజువులుగా పనికొచ్చే ఆధార్ ముందు, ఆ వెంటనే బ్యాంకు ఖాతా పని పూర్తి చేయించండి. జట్టులోకి రాకపోయినా కూలి డబ్బు దాచుకోవడానికి ఆ ఖాతా రేపే పనికొస్తుంది.