కబడ్డీలో తలకు దెబ్బ తగిలితే వీడియో చూసి "ఏం కాలేదు" అని చెప్పొచ్చా?

మీరు అడిగింది ఇదీ: పదమూడేళ్ళ మీ అబ్బాయికి ఆదివారం మ్యాచ్‌లో రైడర్ మోకాలు కణతకు తగిలింది. కోచ్ ఫోన్‌లో వీడియో రెండుసార్లు చూసి "ఏం కాలేదు, రేపు ప్రాక్టీస్‌కి పంపండి" అన్నారు. బాబేమో తలనొప్పి, వెలుతురు చూడలేకపోతున్నా అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

బాబు మాటే నమ్మండి. ప్రాక్టీస్‌కి పంపకండి, డాక్టరుకి చూపించండి.

నేను పీఈటీని. హైస్కూల్ పిల్లల కబడ్డీ జట్లతోనే ఎప్పుడూ తిరుగుతుంటాను. ప్రతి మ్యాచ్‌నీ ఫోన్‌లో తీయిస్తాం, తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే అప్పటికప్పుడే వెనక్కి తిప్పి చూస్తాం. వీడియో వల్ల లాభం చాలా ఉంది. కానీ అది ఒక్క పనికే: పిల్లాణ్ణి ఆట నుంచి బయటికి తీయడానికి. తిరిగి ఆడించడానికి దాన్ని ఆధారం చేసుకోకూడదు. తలనొప్పి, వికారం, కళ్ళు మసకబారడం ఏ కెమెరాకీ చిక్కవు. కన్కషన్, అంటే దెబ్బకి మెదడు అదిరి కొంతకాలం సరిగ్గా పనిచేయకపోవడం, వచ్చినవాళ్ళలో చాలామందికి స్పృహే తప్పదు.

2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టు గుర్తుందా? ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ వేసిన బౌన్సర్ ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. పరీక్షలు చేశారు, బాగానే ఉన్నాడని మళ్ళీ బ్యాటింగ్‌కి పంపారు. మర్నాటికి లక్షణాలు బయటపడ్డాయి, అతని బదులు లబుషేన్ దిగాడు. అన్ని కెమెరాలూ డాక్టర్లూ ఉన్నచోటే అలా జరిగింది. దీనికి ఎదురు 2022 సెప్టెంబరులో అమెరికన్ ఫుట్‌బాల్‌లో టువా టాగోవైలోవా అనే ఆటగాడి సంగతి. దెబ్బ తిని లేచి, నాలుగడుగులు వేసి తూలిపోవడం టీవీలో అందరికీ కనబడింది. అయినా అదే మ్యాచ్‌లో మళ్ళీ ఆడించారు. నాలుగు రోజులకే ఇంకో మ్యాచ్‌లో తల నేలకు కొట్టుకుని, వేళ్ళు కొయ్యబారిపోయి స్ట్రెచర్ మీద వెళ్ళాడు. ఆ తర్వాత అక్టోబరులో అక్కడ నిబంధన మార్చారు: అలా తూలితే ఆ రోజుకి ఇక ఆట లేదు.

రగ్బీ, ఐస్ హాకీ లాంటి ఆటల నిపుణులు కలిసి వీడియోలో చూడాల్సిన గుర్తులు కొన్ని ఖరారు చేశారు. పడ్డచోటే కదలకుండా ఉండిపోవడం, లేచాక తూలడం, మూర్ఛలా కొట్టుకోవడం, చేతులు కాళ్ళు బిగుసుకుపోవడం, పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోకుండా మనిషి మొత్తంగా వాలిపోవడం, చూపు శూన్యంగా ఉండటం. చివరిది ఫోన్ వీడియోలో పట్టుకోవడం చాలా కష్టం.

కబడ్డీలో ఇంకో చిక్కు ఉంది. కెమెరా రైడర్ వెంటే పోతుంది, దెబ్బ ఎక్కువగా తినేదేమో యాంకిల్ హోల్డ్‌కి, అంటే రైడర్ చీలమండ పట్టుకోవడానికి, వంగిన కార్నర్ డిఫెండరు (మూలన నిలబడేవాడు). మిగతావాళ్ళంతా మీద పడ్డాక కిందున్నవాడి తల కనబడనే కనబడదు. విజిల్ పడగానే రికార్డింగ్ ఆపేస్తారు. అసలు చూడాల్సింది అప్పుడే! దెబ్బ ఎంత గట్టిగా తగిలిందన్నదాని కంటే పిల్లాడు ఎలా లేచాడు, ఎటు నడిచాడు అన్నదే నాకు ముఖ్యం. అందుకే మా ఫోన్లు ఒకటి ఎండ్ లైన్ వెనక ఎత్తులో, ఇంకొకటి పక్కన, కోర్టు మొత్తం పడేలా కదపకుండా పెడతాం. మ్యాచ్ అయ్యేదాకా ఆపం.

ఒకసారి మా లెఫ్ట్ కార్నర్ కుర్రాడు చీలమండ పట్టుకున్నాడు, రైడర్ మోకాలు దవడకు తగిలింది. పాయింట్ మాదే, అందరూ చేతులెత్తి అరుస్తున్నారు. వీడియో తీస్తున్న పిల్ల పరిగెత్తుకొచ్చి "సార్, ఇది చూడండి" అంది. వాడు మోకాళ్ళ మీద లేచాడు, కాలు మోపగానే మోకాలు మడతపడింది, పక్కవాడి భుజం పట్టుకున్నాడు. తర్వాత తన మూలకి వెళ్ళకుండా కుడివైపు పోయి నిలబడ్డాడు. జట్టువాడే జెర్సీ పట్టుకుని ఇటు లాగాడు. పిలిచి అడిగితే "ఏం లేదు సార్, బానే ఉన్నా" అన్నాడు. పిల్లలంతా ఆ మాటే అంటారు. పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాంరా అని అడిగా. చెప్పలేకపోయాడు. అంతే, కూర్చోబెట్టేశా. సాయంత్రం వాంతి చేసుకున్నాడు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సీటీ స్కాన్ నార్మల్. డాక్టరు మాత్రం కన్కషనే అన్నారు. స్కాన్ రక్తస్రావం, ఎముక విరగడం చూపిస్తుంది గానీ కన్కషన్‌ని చూపించదు, అది గుర్తుంచుకోండి.

ఇక మీవాడి విషయం. వాంతులు, ఫిట్స్, పెరుగుతున్న తలనొప్పి, మెడనొప్పి, రెండుగా కనబడటం, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం, లేపితే లేవనంత మత్తు, వీటిలో ఏది కనబడ్డా 108కి ఫోన్ చేయండి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇవేమీ లేకపోయినా రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మొదటి ఒకటి రెండు రోజులు ఇంట్లో నెమ్మదిగా తిరగనివ్వండి, ఫోన్, టీవీ బాగా తగ్గించండి. ముందు బడి, తర్వాతే ఆట. ఆట కూడా మెట్టు మెట్టుగా, నడక, పరుగు, ట్యాకిల్ లేని డ్రిల్స్. డాక్టరు సరే అన్నాకే ఒంటికి ఒళ్ళు తగిలే ఆట. పిల్లలు చాలామంది నాలుగు వారాల్లో కోలుకుంటారు. మొదటిది మానకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికే రావచ్చు, కోచ్‌తో ఈ మాట గట్టిగా చెప్పండి.

ఆ వీడియో మాత్రం కోచ్ దగ్గర తీసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. దెబ్బ తర్వాత ఒక నిమిషం దాకా ఉండాలి, కత్తిరించొద్దనండి. గ్రూపుల్లో పెట్టొద్దని కూడా చెప్పండి. డాక్టరుకి చూపించేటప్పుడు దెబ్బ తగిలిన క్షణం దగ్గర ఆపేయకుండా, లేచి నడిచేదాకా చూపించండి.