చీరల కొట్టు తెరిచిన మేనకోడలికి, టపా ప్రచారం గురించి

చి. ల. సౌ. మేనకోడలికి,

అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మంగళగిరిలో నీవు చీరల కొట్టు తెరిచి ఏడాది కావస్తున్నదనీ, దసరాకు ఐదు వేల కరపత్రాలు అచ్చువేయించి దినపత్రికల మధ్య పెట్టించినా వాటిని చూసి వచ్చినవారు పదిమంది దాటలేదనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. వచ్చే శ్రావణానికి ఇళ్ళకే పేరుపేరునా ఉత్తరాలు పంపితే ఎలా ఉంటుందని అడిగావు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేసి, కొన్నిసార్లు లాభపడి, రెండు మూడుసార్లు నలుగురిలో మాట పడి తెలుసుకున్నదాన్ని గనుక, నాకు తెలిసినది దాచుకోకుండా రాస్తున్నాను.

అచ్చు సంగతి తరువాత చూడవచ్చు, ముందు చిరునామాల పుస్తకం సంగతి చూడు. నీ కొట్టులో ఒక్క చీరైనా కొన్న మనిషి పేరు, ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడు, ఏ రంగు ఏ అంచు తీసుకున్నారు, ఏ సందర్భానికి తీసుకున్నారు అనే వివరాలు ఒక పుస్తకంలో ఎక్కించావా? ఎక్కించకపోతే ఈ రోజే మొదలుపెట్టు. ముక్కూముఖమూ తెలియని ఐదు వేల ఇళ్ళ కన్నా, నీ చేతి మీదుగా చీర కట్టుకున్న మూడు వందల ఇళ్ళు నీకు ఎక్కువ. మీ తాతగారి పాత ఖాతా పుస్తకం అటక మీద ఉండాలి, దానిని కూడా దింపించు. అందులో కొన్ని చిరునామాలకు పిన్‌కోడు కనిపించదు, ఎందుకంటే అవి రాసేనాటికి పిన్‌కోడు పుట్టనే లేదు, అది 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. ఆ ఇళ్ళలో ఇప్పుడు మూడో తరం ఉండవచ్చు, అయినా తాతగారి పేరు చెప్పి రాసిన ఉత్తరాన్ని విప్పి చదవని ఇల్లు ఉండదు.

కాలనీల వారీగా చిరునామాల జాబితాలు అమ్ముతామని నీ దగ్గరకు కూడా ఎవరో ఒకరు వస్తారు. వాటిని కొనవద్దు. మనుషుల డిజిటల్ సమాచారాన్ని కాపాడడానికి 2023లో పార్లమెంటు చట్టమే చేసింది, అయితే చట్టం మాట పక్కన పెట్టినా, తమ చిరునామా నీకెలా తెలిసిందా అని అనుమానపడుతూ కవరు విప్పిన మనిషి నీ చీర సంగతి పట్టించుకోదు. బిల్లు రాసేటప్పుడే "కొత్త సరుకు వచ్చినప్పుడు ఉత్తరం రాయమంటారా అమ్మా" అని అడిగి, సరేనన్నవారి చిరునామా మాత్రమే రాసుకో. ఎవరైనా ఇక పంపవద్దంటే ఆ రోజే ఆ పేరు కొట్టివేయి.

ఇక లెక్క. తపాలా శాఖ వారి మామూలు ఉత్తరానికి ఇరవై గ్రాముల వరకు ఐదు రూపాయలు. కార్డుకు, కవరుకు, అచ్చుకు కలిపి మరో ఐదు రూపాయలు వేసుకుంటే ఒక్కో ఉత్తరానికి పది, మూడు వందల ఉత్తరాలకు మూడు వేలు. ఖర్చులు పోను చీరకు నీకు రెండు వందల యాభై మిగులుతుందనుకుంటే, పన్నెండు చీరలు అమ్ముడైతే పెట్టిన డబ్బు తిరిగి వచ్చినట్లే. పరిచయమున్న ఇళ్ళలో నూటికి నలుగురు రావడం అసాధ్యమేమీ కాదు. పైగా పెళ్ళి పెట్టుకున్న ఇల్లు ఒక్కటి తగిలితే చుట్టాలకు పెట్టే చీరలే పాతిక, ముప్పై పోతాయి. అందుకే నీ పుస్తకంలో ఎవరింట్లో ఈడొచ్చిన పిల్లలున్నారో ఒక గుర్తు పెట్టుకోమంటాను.

వాట్సాప్‌లో ఫోటో పెడితే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకని మీ ఆయన అడిగి ఉంటాడు. ఫోటోలో రంగు కనబడుతుంది, అదీ ఫోనుకో రకంగా. గుంట మగ్గం మీద నేసిన ఎనభై కౌంటు సన్ననూలు వేలికి ఎలా తగులుతుందో ఫోను చెప్పలేదు, ఉత్తరం చెప్పగలదు. చీరల చివర, జాకెట్టు కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలను పారేయకుండా దాచి, జిగ్‌జాగ్ కత్తెరతో రెండంగుళాల చదరాలుగా కత్తిరించు. మామూలు కత్తెరతో కోస్తే పోగులు ఊడి, కవరు విప్పేసరికి ముక్క పీచుపీచుగా ఉంటుంది. దానిని కార్డుకు ఒక్క పక్కన మాత్రమే జిగురుతో అంటించు, అప్పుడు రెండో పక్క లేపి వేళ్ళ మధ్య నలిపి చూసుకోవడానికి వీలవుతుంది. పిన్ను కొట్టవద్దు, ముద్ర వేసేచోట అది పట్టుకొని కవరు చిరుగుతుంది. మన మంగళగిరి చీరకు వేసే నిజాం బోర్డరు అంచు కొంచెం కనిపించేలా ముక్క కోయగలిగితే మరీ మంచిది. ఆ ముక్కను విజయవాడలో ఉన్న తల్లి తడిమి చూసి, బాగుందంటూ అమెరికాలో ఉన్న కూతురికి ఫోటో తీసి పంపుతుంది. నీ వాట్సాప్ నంబరు కార్డు మీద ఉండవలసినది అందుకే.

అయితే తూకం మరువకు. మూడు వందల జీఎస్‌ఎం (చదరపు మీటరుకు మూడు వందల గ్రాములు తూగే) కాగితంతో, ఏ4 ఠావులో సగం ఉండే కార్డు తొమ్మిది గ్రాముల చిల్లర తూగుతుంది, దానికి తగిన కవరు ఆరేడు గ్రాములు, గుడ్డ ముక్క గ్రాము లోపే. ఇంతవరకు ఫరవాలేదు. నేను ఒక ఏడు షోకుకు పోయి రెండు మడతల దళసరి కార్డు వేయించాను, తూకం చూడకుండా ఒక్క కవరు స్టాంపు అంటించి పెట్టెలో వేయించాను. అవన్నీ స్టాంపు చాలని బేరంగు ఉత్తరాలై పోయాయి. అందుకున్నవారు తగ్గినదానికి రెట్టింపు డబ్బు పోస్టుమ్యాన్ చేతిలో పెట్టి, తీరా విప్పి చూస్తే నా చీరల ప్రకటన! ఒకావిడ కొట్టుకు వచ్చి మరీ ఆ చిల్లర నా చేత కట్టించుకొని వెళ్ళింది. అచ్చుకు ఇచ్చే ముందే కార్డు, ముక్క, కవరు అన్నీ కలిపిన నమూనా ఒకటి తయారుచేసి పోస్టాఫీసు కౌంటరులో తూయించు.

కార్డు రూపం విషయంలో నా మాట కాదనకు. పట్నంలో చదువుకొని వచ్చిన ఒక కుర్రవాడు చాలా నాజూకుగా ఉంటుందని చెప్పి, తెల్ల కార్డుకు నాలుగు వైపులా సన్నని నల్ల అంచు గీసి ఇచ్చాడు. చూడడానికి ముచ్చటగానే ఉంది గాని, మన ఇళ్ళలో నల్లంచు కార్డంటే ఎవరో పోయారన్న కబురే. శ్రావణ శుక్రవారం ముందు ఆ కార్డు అందుకున్న ఒక పెద్దావిడ దానిని గడప లోపలికి తేనివ్వక, వీధి అరుగు మీదే చింపించిందట. ఆమె ఇంటినుంచి నాకు మళ్ళీ మూడేళ్ళు గిరాకీ లేదు. పసుపురంగు, లేదా లేత గంధపు రంగు కార్డు వేయించు, నాలుగు మూలలా పసుపు అద్దినా తప్పులేదు. అలాగే అందరి పేర్ల ముందు "సౌభాగ్యవతి" అని అచ్చువేయవద్దు. భర్త పోయిన ఆవిడ ఇంటికి ఆ మాట వెళితే ఎంత నొప్పో ఆలోచించు. "గారికి" అన్న ఒక్క మాట అందరికీ సరిపోతుంది.

లోపల రాసే సంగతి చిన్నదిగా ఉండాలి, ఆ మనిషికే రాసినట్లు ఉండాలి. "నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి నిలయం" వంటి మాటలు ప్రతి బట్టల కొట్టు గోడ మీదా ఉన్నాయి, వాటికి చోటు పెట్టకు. నేను ఇలా రాసేదాన్ని: "అమ్మా, పోయిన శ్రావణంలో మీరు తీసుకున్న చిలకపచ్చ చీర అంచులోనే ఈసారి మామిడిపండు రంగు, వంగపండు రంగు దిగాయి. ముక్క జత చేశాను. ఇరవై చీరలే నేయించాను. పదో తేదీ వరకు మీ కోసం ఒకటి పక్కన పెడతాను." అచ్చులో ఖాళీ గీతలు వదిలి, ఆ చిలకపచ్చ మాట నీ చేతిరాతతో నింపాలి. అయితే పక్కన పెడతానన్న చీర నిజంగా పక్కన పెట్టాలి సుమా.

ధర రాయాలా వద్దా అని అడిగావు. రాయి. ధర లేని ప్రకటన చూసి, ఖరీదు అడిగి కొనకుండా లేవడానికి మొహమాటపడి అసలు రానివారే ఎక్కువ.

ప్రూఫు నీవే చూడాలి. యూనికోడ్‌లో టైపు చేసిన మాటర్‌ను డీటీపీ చేసేచోట పాత ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు, గుడులు చెదిరిపోయి, "వస్త్రాలు" అన్న మాట చదవలేని రూపంలోకి మారుతుంది. ఫోను నంబరును ప్రూఫు మీద చూసి డయల్ చేయి, నీ ఫోనే మోగాలి.

పోస్టుకార్డు చాలు కదా అని నీకు తోచవచ్చు. చేత్తో రాసిన కార్డు ఎన్నో ఏళ్ళుగా అర్ధరూపాయి దగ్గరే నిలిచి ఉంది. కానీ దాని మీద సంగతి అచ్చువేస్తే అది అచ్చు పోస్టుకార్డుగా లెక్కకు వచ్చి ఆరు రూపాయలవుతుంది, ఈ భేదం తెలియక నష్టపోయినవారున్నారు. నీ పుస్తకంలో ముఖ్యమైన నలభై మందికి రోజుకు నాలుగు చొప్పున చేత్తో రాయి, పది రోజుల్లో అయిపోతుంది. కార్డు దారిలో ఎవరైనా చదువుతారు గనుక బాకీ మాట మాత్రం అందులో ఎత్తకు. పేర్లు లేకుండా ఒక ప్రాంతంలోని ఇళ్ళన్నింటికీ పోస్టుమ్యాన్ల చేత పంచిపెట్టించే డైరెక్ట్ పోస్ట్ సదుపాయం కూడా తపాలా శాఖలో ఉంది. కొట్టు తెరిచిన కొత్తలో అది పనికివచ్చేది, ఇప్పుడు నీకు అవసరం లేదు.

అదనుకు అందడం అన్నింటికన్నా ముఖ్యం. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం గనుక, ఆషాఢం చివరి వారంలో ఉత్తరం ఇంట్లో ఉండాలి. అంతకు ముందు పంపితే పెద్ద షోరూముల ఆషాఢం తగ్గింపుల హోరులో నీ కార్డు కొట్టుకుపోతుంది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్ళిళ్ళు జరిగిన ఇళ్ళ పేర్లు విడిగా తీయి. ఆ కొత్త పెళ్ళికూతుళ్ళు శ్రావణ మంగళవారం నోము పడతారు, వాయనాలకూ వచ్చిన ముత్తైదువులకూ ఏం పెట్టాలా అని తల్లులు అప్పటికే వెతుకుతుంటారు. మూఢంలో పెళ్ళి చీరల ఉత్తరం పంపకు, స్టాంపు దండుగ.

ప్రతి కవరు మీదా ఎడమవైపు కింద నీ కొట్టు చిరునామా ఉండాలి. లేకపోతే అందని కవరు నీ దగ్గరకు తిరిగి రాదు. ఇల్లు మారారనో, చిరునామా చాలలేదనో రాసి తిరిగి వచ్చిన కవరును చూసి విసుక్కోకు, పుస్తకం దిద్దుకోవడానికి అంతకన్నా చౌక సాధనం లేదు. వచ్చినవారిని కార్డు తెచ్చారా అని అడిగి, దాని మూల కత్తిరించి పుస్తకంలో ఆ పేరు పక్కన తేదీ వేసుకో. మూడు ఉత్తరాలకూ పలకని ఇంటికి నాలుగోది సంక్రాంతికి పంపి చూసి, అప్పటికీ రాకపోతే మానేయి.

మొదటి విడతకు మూడు వందలు కూడా వద్దు, వంద చాలు. అందులో యాభైకి గుడ్డ ముక్క పెట్టు, యాభైకి పెట్టకు. ఏ యాభై నుంచి ఎందరు వచ్చారో రాసి ఉంచు. కార్డులో రాయదలచిన సంగతి ముందుగా ఒక కాగితం మీద రాసి, తూకం చూసిన నమూనాతో సహా నాకు పంపించు. ఎర్రసిరాతో దిద్ది తిరుగు టపాలో పంపుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య