ఖండాల మధ్య సందులెందుకు?

ప్రశ్న: ప్రపంచ పటం నుంచి ఆఫ్రికానూ దక్షిణ అమెరికానూ కత్తిరించి పక్కపక్కన పెట్టి చూశాను. ఆకారాలు కలిసినట్టే ఉన్నా మధ్యలో సందులు మిగిలాయి. వీటికే అతుకు కుదరకపోతే వంద కోట్ల ఏళ్ల నాటి పటాలను ఎలా నమ్మాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ కత్తెర తప్పు గీత మీద నడిచింది. తీరరేఖ ఖండానికి అంచు కాదు, ఈనాటి సముద్రమట్టానికి గుర్తు మాత్రమే. ఇరవై వేల ఏళ్ల కిందట ఆ మట్టం సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. అసలు ఖండం నీటి అడుగున ఖండతీరపు వాలు దాకా, అంటే నేల ఏటవాలుగా సముద్రపు లోతుల్లోకి దిగే చోటు దాకా సాగుతుంది. అందుకే 1965లో బులార్డ్, ఎవరెట్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్‌తో ఈ అతుకును లెక్కగట్టినప్పుడు సుమారు 900 మీటర్ల లోతు గీతను పట్టుకున్నారు. చాలా మటుకు చక్కగా కుదిరింది.

కుదరని చోట్లంటేనే నాకు మక్కువ. వాళ్ల పటంలో ఆఫ్రికాలోని నైజర్ నది డెల్టా దక్షిణ అమెరికా మీదికి ఎక్కి కూర్చుంది. అలా కూర్చోవలసిందే! ఆ ఒండ్రంతా ఖండాలు విడిపోయాక నది తెచ్చి పోసినది. అది బుద్ధిగా సందులో ఇమిడిపోయి ఉంటే అతుకునే శంకించాల్సి వచ్చేది.

అసలు చిక్కు వేరే ఉంది. ఖండం గాజుపలకలా ఒక్కసారిగా విరగదు. ముందు సాగుతుంది. మామూలుగా 35, 40 కిలోమీటర్ల మందముండే భూపటలం అంచుల్లో పలచబడుతూ, కొన్నిచోట్ల పది కిలోమీటర్ల లోపుకు దిగి, ఆ తర్వాతే తెగుతుంది. అంటే ఇవాళ్టి అంచు విడిపోకముందు ఉన్నదానికంటే వెడల్పు. దాన్ని లెక్కలో ఎంత వెనక్కి కుదించాలన్న దగ్గరే పరిశోధకుల మధ్య తేడాలు వస్తాయి.

విడిపోయాక జరిగిన కథ సులువు. కొత్తగా పుట్టే సముద్రపు అడుగు, తారుమారవుతూ ఉండే భూమి అయస్కాంత దిశను చారలుగా దాచుకుంటుందని 1963లో వైన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. కొత్త చారలను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోతే ఖండాలు దగ్గరవుతాయి. అయితే మహాసముద్రాల్లో ఈ చారల ఆధారం సుమారు 18 కోట్ల ఏళ్లతో ఆగిపోతుంది. అంతకు పాత అడుగు దాదాపుగా భూగర్భంలోకి దిగిపోయింది.

ఇక వంద కోట్ల ఏళ్ల మాట. అక్కడ మిగిలినవి నేల మీది రాళ్లే. వాటిలో గడ్డకట్టిన అయస్కాంత దిశ ఎంత వాలి ఉందో చూసి అక్షాంశం చెప్పవచ్చు. రేఖాంశం మాత్రం దాన్నుంచి రాదు. అందువల్ల ఆ పటాల్లో ఉత్తర దక్షిణాల సంగతి కొంత నమ్మండి. తూర్పు పడమరలు చాలావరకు పర్వతశ్రేణులను, రాళ్ల వయసులను జతపరిచి గీసినవారి నిర్ణయమే. ఒకే కాలానికి ఇద్దరు గీసిన పటాలు వేరుగా ఉండేది అందుకే.