ఇద్దరూ కలిసి హోల్ 30 చేయాలంటే తిరుపతి వంటింట్లో ఏమేం మార్చాలి?

ప్రశ్న: భార్యాభర్తలం, తిరుపతిలో ఉంటాం. ఇద్దరం కలిసి హోల్ 30 అనే నెల రోజుల ఆహార నియమం చేద్దామనుకుంటున్నాం. ఆయన మాంసం తింటారు, నేను గుడ్డు వరకే. ఇంట్లో అత్తమామలు మామూలు భోజనమే చేస్తారు. అన్నం, సంగటి, పప్పు, పెరుగు లేకుండా మన వంటలతో నెల గడుస్తుందా?

జవాబు: గడుస్తుంది. కాకపోతే మీ ఇద్దరికీ ఒకే పళ్లెం పనికిరాదు. అది మొదటిరోజే ఒప్పుకుంటే సగం గొడవ తప్పుతుంది.

ముందు నియమాలు. 2009లో అమెరికాలో మొదలైన ఈ పద్ధతిలో 30 రోజులు చక్కెర, బెల్లం, తేనె, మద్యం, అన్ని ధాన్యాలు, పప్పుదినుసులు, పాల పదార్థాలు మానేయాలి. మన రాగులు, సజ్జలు, కొర్రలు కూడా ధాన్యాల కిందకే వస్తాయి. చెనిగ్గింజలు (వేరుశనగలు) పప్పుదినుసుల లెక్కే, కాబట్టి వాటితో నూరే ఊరిబిండి కూడా బంద్. మిగిలేవి మాంసం, చేప, గుడ్లు, కూరగాయలు, దుంపలు, పండ్లు, టెంకాయ, జీడిపప్పు, బాదం, నువ్వులు. నెయ్యికి అనుమతి ఉంది, కాచి అడుగున గసి పట్టకుండా గుడ్డలో వడకట్టుకుంటే చాలు. పచ్చి బఠాణీలు, బీన్స్ తినొచ్చు. చిక్కుడుకాయల్లో లేతవి పర్వాలేదు. చలికాలంలో వచ్చే అనపగింజలు, పితికిన పప్పు మాత్రం కుదరవు. పితికిన పప్పు కూర వదులుకోలేనివాళ్లు ఆ సీజన్లో మొదలుపెట్టకపోవడమే మేలు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రాగులూ కందిపప్పూ చెడ్డవని ఈ నియమం పెట్టలేదు, ఎవరైనా అలా చెబితే నమ్మకండి. కొన్నాళ్లు తీసేసి, మళ్లీ ఒక్కొక్కటే తిని, ఏది మీ ఒంటికి పడటం లేదో చూసుకోవడానికే ఇదంతా. బరువు తగ్గాలన్నది మీ లెక్కయితే ఇంత కష్టపడక్కర్లేదు. నెలంతా తూకం యంత్రం ఎక్కకూడదని నియమంలోనే ఉంది. జంటలకు అది మరీ మంచిది. ఎందుకంటే ధాన్యం మానిన మొదటి వారంలో ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం (గ్లైకోజెన్) ఖర్చవుతుంది, ఒక్కో గ్రాముతో సుమారు 3 గ్రాముల నీరు బయటికి పోతుంది. ఒళ్లు పెద్దదైన మగవాళ్లకు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. "ఆయన మూడు కిలోలు తగ్గారు, నేను ఒకటే" అనే బాధ అక్కడే పుడుతుంది. ఆ తగ్గింది చాలావరకు నీళ్లే.

ఆ నీటితో ఉప్పు కూడా పోతుంది. మూడో నాలుగో రోజుకి తలనొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చిరాకు రావచ్చు. అప్పుడు కూరల్లో ఉప్పు తగ్గించకండి, పూటకో గ్లాసు ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు తాగండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మాత్రం ఈ సలహా పాటించే ముందు డాక్టరును అడగాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడేవాళ్లు ఉన్నట్టుండి అన్నం మానేస్తే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బున్నా, గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా దీని జోలికి వెళ్లొద్దు.

ఇక మీ గుడ్డు సంగతి. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోలున్న మనిషికి సుమారు 46 గ్రాములు. నాలుగు గుడ్లకు 24 గ్రాములు వస్తాయి, గుప్పెడు జీడిపప్పుకు ఐదు. మిగతాది కూరగాయలతోనే పూర్తికాదు. అందుకని మీరు పెసలు ఒక్కటి ఉంచుకోండి, రోజుకి 50 గ్రాములు నానబెట్టి ఉడికించుకుంటే మరో 12 గ్రాములు వస్తాయి. కఠిన నియమం ఒప్పుకోదు, నిజమే. దానివల్ల మీకు పోయేదల్లా పెసలు పడతాయో పడవో తెలియకపోవడమే. ఆయన ఆ వంకతో మీ పెసల గిన్నెలో చెయ్యి పెట్టకుండా చూసుకోండి.

నలుగురికి వంట చేసేటప్పుడు రెండు కూరలు వండొద్దు, రెండో వారానికే విసుగొచ్చి ఆపేస్తారు. కూర మొత్తం మీ నియమంతోనే మొదలుపెట్టండి. తాలింపులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు, తెల్లగడ్డ వేయండి, మినపపప్పు, శనగపప్పు వద్దు. మెంతులు చిటికెడే కాబట్టి ఫర్వాలేదు. కూర ఉడికాక మీ ఇద్దరికీ తీసి పక్కన పెట్టుకుని, మిగిలినదాంట్లో పెద్దవాళ్లకు పప్పుల పొడో, చెనిగ్గింజల పొడో కలపండి. ఈ వరస తారుమారైతే ఆ పూట కూర మీకు దక్కదు. ఇద్దరికీ రోజుకి కిలోంబావు నుంచి కిలోన్నర కూరగాయలు పడతాయి. తరగడానికే ముప్పావు గంట పోతుంది, ఆ పని వండనివాళ్లది. ముందురాత్రి టీవీ ముందు కూర్చునే బీన్స్, బెండకాయలు ఒలిచి తరిగి డబ్బాలో పెట్టుకోవచ్చు. బెండకాయలు మాత్రం కడిగి తుడిచి ఆరాకే తరగాలి.

వారం సరుకు ఇద్దరికీ ఇలా సరిపోతుంది: ఒక ట్రే గుడ్లు, అంటే 30, నాలుగు రోజులే వస్తాయి కాబట్టి వారానికి రెండు ట్రేలు. గెనుసుగడ్డలు, ఉర్లగడ్డలు, కంద, చేమగడ్డ కలిపి మూడు కిలోలు, టెంకాయలు నాలుగు, నెయ్యి పావుకిలో, నూనె పావులీటరు. రైతుబజారుకు పొద్దున్నే వెళితే దుంపలు గట్టివి దొరుకుతాయి. దుంపలు తక్కువ తింటే పగలంతా నీరసం, రాత్రి ఆకలి. మధ్యలోనే మానేయడానికి ఇదొక కారణం. కంద గొంతులో దురద పెట్టకుండా చింతపండు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. చేతికి నూనె రాసుకుని తరగాలి.

నూనె విషయంలో రెండు జాగ్రత్తలు. చెనిక్కాయలు మానేశాం కాబట్టి ఆ నూనె కూడా పక్కన పెట్టేయండి, నువ్వుల నూనెకు మారండి. గానుగలో నువ్వులు ఆడేటప్పుడు నూనె తేరడానికి బెల్లమో తాటిబెల్లమో వేస్తారు. బెల్లం చాలావరకు చెక్కలోనే ఉండిపోతుంది, అయినా పట్టింపు ఉన్నవాళ్లు బెల్లం లేకుండా ఆడించమని అడగాలి. ఇంగువ మరొకటి. డబ్బా ఇంగువలో ఎక్కువగా గోధుమపిండో బియ్యప్పిండో కలిపే ఉంటుంది, వెనక చీటీ చదవండి. సాంబారు పొడి, రసం పొడి, కొట్టుడు కారం, చాలావాటిలో పప్పు ఉంటుంది. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, మిరియాలు విడిగా వేయించి ఇంట్లోనే కొట్టుకోవడం ఒక్కటే దారి.

కూర చిక్కబడడం ఎలాగని అడుగుతారు. నాటుకోడి పులుసు తీసుకోండి. ముప్పావు కిలో ముక్కలకు మూడు పెద్ద చెంచాల నూనె, మూడు ఎర్రగడ్డలు, రెండు చెంచాల అల్లం తెల్లగడ్డ ముద్ద, పసుపు, చెంచాన్నర ఉప్పు, రెండు చెంచాల కారం, రెండు పెద్ద చెంచాల ధనియాల పొడి. ఎర్రగడ్డలు బాగా ఎర్రబడేదాకా వేయించి, ముక్కలు వేసి నీరంతా ఇగిరాక ఒకటిన్నర గ్లాసు నీళ్లు పోసి ఆరు విజిల్స్ రానివ్వండి. ఫారం కోడికైతే రెండు చాలు. ఈలోగా 40 గ్రాముల ఎండుకొబ్బరి, ఒక పెద్ద చెంచా గసగసాలు దోరగా వేయించి నీళ్లతో మెత్తగా నూరి, కుక్కరు మూత తీశాకే కలపాలి. ముందే వేస్తే అడుగంటి మాడుతుంది, కూరంతా చేదెక్కుతుంది. తర్వాత మూత లేకుండా పది నిమిషాలు ఉడికితే పప్పుల పొడి లేకపోయినా ముక్కకు పట్టుకుంటుంది. సంగటి బదులు ఉర్లగడ్డలు ఉడికించి, వేడిమీదే నెయ్యి, ఉప్పు వేసి మెదిపి ముద్ద చేసుకోండి. మీకైతే ఇదే పులుసు వంకాయ, గుడ్లతో చేయొచ్చు.

అన్నం రూపం కావాలనిపిస్తే ఒక మధ్యరకం కాలీఫ్లవర్ తురుముకోండి. వెడల్పాటి మూకుడులో పెద్ద మంటమీద నాలుగైదు నిమిషాలు వేయిస్తే చాలు. మూత పెడితే నీరు వదిలి గంజిలా అవుతుంది, ఉప్పు దించేముందే వేయాలి. గుడ్డు, అరటిపండు కలిపి దోసెలు పోయడం, కొబ్బరి పిండితో ఇడ్లీలు చేయడం మాత్రం నియమం ఒప్పుకోదు. అది సబబే. నాలుక ఇడ్లీనే తలుచుకుంటూ ఉంటే అలవాటు ఎప్పటికి మారుతుంది?

టిఫిన్ దగ్గరే ఎక్కువ ఇబ్బంది. మనిషికి మూడు గుడ్ల పొరటు, అందులో తోటకూరో క్యాబేజీయో 150 గ్రాములు, పక్కన ఉడికిన గెనుసుగడ్డ. కాఫీ డికాక్షన్‌గా తాగాలి, అందులో చికోరీ ఉన్నా ఫర్వాలేదు. టెంకాయ పాలు కాఫీలో పోస్తే విరిగిపోవచ్చు. భోజనం చివర పెరుగు లేని లోటుకు పల్చటి టెంకాయ పాలలో నిమ్మరసం, అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి మజ్జిగలా తాగొచ్చు. పండు పూటకి ఒకటే, అదీ భోజనంతోనే. బేనీషాల కాలంలో మొదలుపెడితే భోజనం పక్కకుపోయి మామిడిపండ్లే మిగులుతాయి.

తేదీ చూసుకుని మొదలుపెట్టండి. మాంసం తినేవాళ్లకు పెరటాసి నెల (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) కుదరదు, శనివారాలే కాక చాలా ఇళ్లల్లో నెలంతా మానేస్తారు. మే నెలలో గంగమ్మ జాతరప్పుడు అంబలి కాదనడం కష్టం. కొండకు వెళ్లే పనుంటే ముందే దర్శనం చేసుకుని రండి. తిరుమలలో మాంసం, గుడ్లు నిషేధం కాబట్టి ఆ రోజు మీ డబ్బాలో ఉడికిన దుంపలు, జీడిపప్పు, టెంకాయ ముక్కలే ఉండాలి. లడ్డూలో శనగపిండి, చక్కెర రెండూ ఉన్నాయి. నియమం ప్రకారం నోట్లో వేసుకుంటే మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. ఎవరైనా ప్రసాదం చేతిలో పెడితే కాదనకుండా కళ్లకద్దుకుని అత్తమ్మకు ఇవ్వండి, ఆమె సంతోషంగా తింటారు.

30 రోజులయ్యాక చాలామంది తిన్నగా హోటలుకు వెళ్లి మసాలా దోసె తింటారు, అక్కడితో నెల కష్టం వృథా. దోసెలోనూ ఇడ్లీలోనూ బియ్యం, మినపపప్పు రెండూ ఉంటాయి. కడుపు ఉబ్బితే దేనివల్లో చెప్పలేరు. పెరుగన్నమూ అంతే. అందుకని మొదటి రోజు పాత నియమానికి పప్పులు మాత్రమే కలపండి: పెసరట్టు బియ్యం కలపకుండా, ఊరిబిండి, ముద్దపప్పు. తర్వాత రెండు రోజులు మళ్లీ పాత నియమం. నాలుగో రోజు అన్నం, రాగి సంగటి. మళ్లీ రెండు రోజులు ఆగి పాలు, పెరుగు. ఇంకో రెండు రోజులు ఆగి చపాతీ, ఉప్మా. ప్రతి పరీక్ష రోజున మూడు పూటలా ఆ రకం తినాలి, ఒక్క ముద్దతో ఏమీ తెలియదు.

మీకు పెసలు నెలంతా ఉన్నాయి కాబట్టి మొదటి పరీక్షలో పెసరట్టు వదిలేసి కందిపప్పు, చెనిగ్గింజలు పెట్టుకోండి. నోట్‌బుక్కులు వేరువేరుగా ఉండాలి: కడుపు ఉబ్బరం, విరేచనం, నిద్ర, మొహంమీద మొటిమలు, మధ్యాహ్నం మగత. ఒకరిది ఒకరు చదవకుండా రాయండి. ఆయన "పెరుగు తింటే గ్యాస్" అని రాసింది చూస్తే మీకూ సాయంత్రానికి కడుపులో గుడగుడలు మొదలవుతాయి. చివరికి ఆయనకు పాలు పడక మీకు పడితే, ఆయన కాఫీ డికాక్షన్ గానే ఉంటుంది, మీ గ్లాసులో పాలు పోసుకోండి. ఇద్దరూ మానేయాలన్న రూలేమీ లేదు.