శ్రీబాగ్ చర్చ నాటకం: ప్రేక్షకులు కదలకుండా కూర్చోవాలంటే

అన్నా, మీ కష్టం అర్థమైంది. అనంతపురంలో శ్రీబాగ్ ఒప్పందం మీద, అంటే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం కోస్తా, రాయలసీమ నాయకులు కుదుర్చుకున్న ఒప్పందం మీద నాటకం వేస్తున్నారు, రిహార్సల్‌లో పెద్దమనుషులు వరసగా ఉపన్యాసాలు చెప్తుంటే చూసేవాళ్లు ఆవులిస్తున్నారు.

ముందు ఆ ఉపన్యాసాలు కోసేయండి. చర్చంటే ఒకరు అడగడం, ఇంకొకరు తప్పించుకోవడం, మళ్లీ అడగడం. సీమ నాయకుడు కల్లూరి సుబ్బారావు పాత్ర నీళ్ల మాట ఎత్తగానే కోస్తా నాయకుడు కొండా వెంకటప్పయ్య పాత్ర రాష్ట్రం రావడమే ముఖ్యమని అడ్డుపడాలి. ఆ మాటలోనూ బలముండాలి. కోస్తావాళ్లను విలన్లను చేస్తే నాటకం అక్కడే చచ్చిపోతుంది.

సీమవాళ్ల అనుమానం ఎందుకో మొదట్లోనే తెలియాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కోస్తాలోని వాల్తేరుకు (విశాఖపట్నం) పోయింది, రేపు రాష్ట్రమొస్తే రాజధానీ అటే పోతుందేమోనన్న భయం. అది తెలిస్తేనే 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు ‘శ్రీబాగ్’లో కుదిరిన షరతులకు బరువొస్తుంది: అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం, పదేళ్లపాటు సీమ సాగునీటికి మొదటి ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టు చెరొక ప్రాంతంలో.

బల్లను అడ్డంగా వేయొద్దు, ఏటవాలుగా వేయండి. అప్పుడు ఎవరి వీపూ జనానికి కనపడదు. కడప నాయకుడు కోటిరెడ్డి పాత్రధారి కడప యాసలోనే మాట్లాడనీ, గ్రాంథికం వద్దు.

సంభాషణలు మీరు అల్లినవేనని తెర లేవకముందే చెప్పండి. షరతులు మాత్రం ఒప్పందం కాగితం చూసి ఉన్నదున్నట్టు చదివించండి. ఆ రెండు నిమిషాలు నేపథ్య సంగీతం ఆపేయండి.