కార్పెంటర్ ‘ది థింగ్’ భయపెట్టలేదా? ముందు సంవత్సరం చూసుకోండి

మీరు చూసింది అమెరికన్ హారర్ దర్శకుడు జాన్ కార్పెంటర్ సినిమా కాదు. ‘ది థింగ్’లో హీరోయిన్ సైంటిస్టు బాగా చేసింది గానీ భయం వేయలేదు, ఈయన్ని ఎందుకంత పొగుడుతారు అని అడిగారు. కార్పెంటర్ తీసిన 1982 సినిమాలో, కథ జరిగే అంటార్కిటికా పరిశోధన క్యాంపులో ఒక్క ఆడమనిషి కూడా ఉండదు. మీకు తగిలింది అదే పేరుతో 2011లో వేరే దర్శకుడు తీసిన ముందుకథ.

చాలామంది వదిలేసేది ఇదే: పేరు కొట్టి మొదట కనిపించింది పెట్టేస్తారు. ఆయన సినిమాలకు అవే పేర్లతో రీమేకులు, సీక్వెళ్లు ఉన్నాయి. ‘ది ఫాగ్’ అంటే 1980ది, 2005ది కాదు. ‘హాలోవీన్’ అంటే 1978ది. 2007లో, 2018లో వచ్చినవి వేరేవాళ్లవి.

ఇక ఈ వరుసలో చూడండి:

1. ‘హాలోవీన్’ (1978). టీవీలో జూమ్ మోడ్ తప్పకుండా ఆపేయండి. హంతకుడు చాలాసార్లు వెడల్పాటి ఫ్రేము అంచున నిలబడి ఉంటాడు. అంచులు కోసేస్తే భయమంతా పోయినట్టే. సంగీతం కూడా కార్పెంటర్‌దే.

2. ‘ది థింగ్’ (1982). నా దృష్టిలో ఆయన తీసినవాటిలో ఇదే గొప్పది. మనుషుల రూపం ఎత్తే గ్రహాంతర జీవి ఎవరిలో ఉందో తేల్చడానికి ఒక్కొక్కరి రక్తం గాజు గిన్నెలో పోసి, ఎర్రగా కాల్చిన తీగ అందులో పెట్టే సీన్ వస్తుంది. ఎవరు మనిషో, ఎవరు కాదో తేలేదాకా ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఫోన్ పక్కన పెట్టి చూడండి.

3. ఆ తర్వాత ‘ది ఫాగ్’ (1980).

4. ‘ఇన్ ద మౌత్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ చివర్లో. దీన్ని మాత్రం ముందు పెట్టుకోకండి, తికమక పడతారు.